బొటనవేలి కొలత

స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రలను మనం పిల్లల పుస్తకాల బీరువాలోకి తోసేశాం. నా మట్టుకు నాకు అది నేతవాళ్ల ఊరు సిరిసిల్లలో చదవాల్సిన పుస్తకం. లిల్లీపుట్‌లో గలివర్‌కు చొక్కాలు కుట్టడానికి రెండు వందల మంది ఆడవాళ్లు కూర్చుంటారు. పొడవుకు తాడు పట్టాక ఒళ్లంతా కొలవరు. కుడిచేతి బొటనవేలి చుట్టుకొలత తీసుకుంటారు. దానికి రెట్టింపు మణికట్టు, అదే లెక్కన మెడ, నడుము. ఆరంగుళాల మనుషులున్నారన్న అబద్ధాన్ని ఆ లెక్కే మోస్తుంది. వ్యంగ్యం రాయబోయేవాళ్లం ముందు వెక్కిరింపు వెతుక్కుంటాం. స్విఫ్ట్ టేపు తీసుకున్నాడు.

ఆయన డబ్లిన్‌లో పెద్ద చర్చికి డీన్. చుట్టూ నేతగాళ్ల వాడలు. ఐరిష్ జనం సొంత బట్టే కట్టాలని 1720లో కరపత్రం వేశాడు. ఇంగ్లండ్ అంటగట్టబోయిన రాగి నాణేల మీద 1724లో బట్టల వ్యాపారి వేషంలో ఉత్తరాలు రాశాడు. రాసిందెవరో చెబితే 300 పౌన్లు ఇస్తామన్నా ఎవరూ నోరు విప్పలేదు. గలివర్ అచ్చయింది ఆ తర్వాత, 1726లో.

లిల్లీపుట్ అనగానే సిరిసిల్లలో నల్ల పరంధాములు నేసిన, అగ్గిపెట్టెలో పట్టే చీర గుర్తొస్తుంది గానీ, పోలిక కుదరదు. విప్పితే అది నిండు మనిషి కట్టే చీరే. సన్నబడింది దారం.

జగిత్యాల, కోరుట్ల దిక్కు దుబాయ్ పోయొచ్చినవాళ్ల ముచ్చట్లు వినండి. అద్దాల మేడలను ఒక్క మాటలో తేల్చేస్తారు. గదిలో ఎన్ని మంచాలు, ఏజెంటుకు ఎంత కట్టారు, దిర్హం ఎంత పలికింది, ఇవి మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు. గలివర్‌దీ అదే తీరు. 1707 ఏప్రిల్ 11న మద్రాసు కోటకు చేరామని, జబ్బుపడ్డ నావికుల కోసం మూడు వారాలు ఆగామని రాస్తాడు. ఎగిరే దీవి ఆ తర్వాత గానీ కనిపించదు. అప్పటికి మనం నమ్మేసి ఉంటాం.

ఆ యాత్రలోనే గలివర్ చూసిన లగాడో అకాడమీలో ఒక పండితుడి గదినిండా సాలెగూళ్లు. పట్టుపురుగులు దండగట, సాలీళ్లయితే వడకడమూ నేయడమూ రెండూ వచ్చట. రంగురంగుల ఈగలను మేపితే అద్దకం ఖర్చూ మిగులుతుందట. దారానికి బలమిచ్చే జిగురు మేత ఒక్కటే ఇంకా దొరకలేదు. నేతవాళ్ల ఊరికి ఇలాంటి పథకాలు కొత్త కాదు. ఆ దారం సాంచె అనే మరమగ్గం మీదికెక్కితే పూటకెన్నిసార్లు తెగుతుందో స్విఫ్ట్ రాయలేదు. సిరిసిల్లలో ఏ కార్మికుణ్ని అడిగినా చెబుతాడు, కూలి ఎంత కోతపడుతుందో కూడా కలిపి.