ఉత్తరాన్ని మొదటినుంచీ చదివితే

సికింద్రాబాద్‌లో క్రైస్తవుల్లో ఎవరింటికి వెళ్ళినా యిర్మీయా 29:11 ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. గోడ క్యాలెండరు మీదో, వాచ్‌నైట్ ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డు మీదో. దేవుడు మన మేలే తలపెట్టాడని, ముందు మంచిరోజులున్నాయని ధైర్యం చెప్పే వచనం. మా అమ్మ ఆస్పత్రిలో ఆ కార్డు దిండు కింద పెట్టుకుంది. దాని బలం నేను కళ్ళారా చూశాను. అయితే అది ఒక ఉత్తరంలోని ముక్క. ఆ ఉత్తరం మొత్తం నా చేతికి అందింది మాత్రం దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, అక్కడి సంఘంవాళ్ళతో వెళ్ళిన ఒక బైబిల్ స్టడీ రిట్రీట్‌లో.

మన దగ్గర రిట్రీట్ అంటే పేరున్న ప్రసంగీకులు, మైకు, పాటలు, చివర్లో సాక్ష్యాలు. అక్కడ ప్రసంగమే లేదు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాటాక కొండల్లో దిగాం. తలా నాలుగు కాగితాలు, కొన్ని రంగు పెన్సిళ్ళు ఇచ్చారు. కాగితాల మీద యిర్మీయా 28, 29 అధ్యాయాలు. వచనాల అంకెలు తీసేశారు. పక్కన రాసుకోవడానికి బోలెడంత ఖాళీ. మళ్ళీ మళ్ళీ వచ్చే మాటకు ఒక రంగు, మనుషుల పేర్లకు ఒకటి, అర్థంకాని చోట ప్రశ్న గుర్తు. మొదటి పూట ఎవరూ అర్థం చెప్పకూడదు. ఏం రాసి ఉందో చూడటమే పని. వచనాల అంకెలు ప్రవక్తలూ అపొస్తలులూ వేసినవి కావు కదా. కొత్త నిబంధనకు ఇప్పుడున్న అంకెలు రోబేర్ ఎతియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేసినవే. అవి లేకపోయేసరికి నా కన్ను పదకొండో వచనం దగ్గరికి దూకలేకపోయింది.

అప్పుడు కనిపించాడు హనన్యా. నెబుకద్నెజరు చెరపట్టి తీసుకుపోయినవాళ్ళు రెండేళ్ళలో తిరిగొచ్చేస్తారని అందరికీ ఇష్టమైన మాట చెప్పిన ప్రవక్త. చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం అలాంటి మాటలకు జవాబు. డెబ్బై ఏళ్ళు పడుతుంది, బబులోనులోనే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి. మన వాగ్దానం వచ్చేది ఇదంతా అయ్యాకే.

మా గుంపులో నాలుగో తరం తెలుగాయన ఒకరున్నారు. తెలుగు మాట్లాడలేరు, కీర్తనలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. "మా ముత్తాత ఐదేళ్ళ ఒప్పందం మీద ఓడెక్కాడు. ఐదేళ్ళే అని వాళ్ళమ్మకు చెప్పి వచ్చాడట," అన్నారు. నేను కూడా రెండేళ్ళే అని చెప్పి వచ్చినవాణ్ణే. చెరుకు తోటలకు కూలీలతో మద్రాసు నుంచి మొదటి ఓడ 'ట్రూరో' డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. 1911 దాకా అలా వెళ్ళినవాళ్ళు లక్షన్నర పైమాటే. వాళ్ళలో తెలుగువాళ్ళ కోసం నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు తమ సొంత చందాలతో 1903లో జాన్ రంగయ్యగారిని పంపారు. కియర్స్‌నీ తేయాకు తోటల్లో ఆయన సంఘం కట్టారు. 1915లో కన్నుమూసేదాకా ఆ సేవలోనే ఉన్నారు. మనకు మిషనరీలు రావడమే తప్ప మనం పంపడం తెలియదనుకునేవాళ్ళు ఆయన గురించి చదవాలి.

అందరూ గోగో అని పిలిచే జులూ అవ్వ అంతసేపూ మాట్లాడలేదు. చిన్నప్పుడు డర్బన్‌లోని కేటో మానర్‌లో వాళ్ళ ఇల్లు వర్ణవివక్ష ప్రభుత్వం కూల్చేసింది. వాళ్ళను క్వామాషుకు తరలించారు. అక్కడి భారతీయుల్లో చాలామందిని ఆ తర్వాత చాట్స్‌వర్త్‌కు. "ఇళ్ళు కట్టుకోండి అంటున్నాడు. మేం కట్టుకున్నాం, వాళ్ళు కూల్చారు. ఈ మాట చెరపట్టినవాడు చెబితే నేను వినను బిడ్డా. చెరపోయినవాళ్ళ ప్రవక్తే రాశాడు కాబట్టి వింటాను," అంది. ఊరి క్షేమం కోసం ప్రార్థించమన్న వరస కింద ఆమె కాగితంలో ఎర్రరంగు రెండుసార్లు గీసి ఉంది. పక్కన ప్రశ్న గుర్తు. ఏ వ్యాఖ్యాన గ్రంథం ఇవ్వగలదు ఆ గీతని? వాక్యాన్ని మనలాంటివాళ్ళతోనే కూర్చుని చదివితే మన ప్రశ్నలే మనకు తిరిగొస్తాయి. వేరే బతుకు బతికినవాళ్ళు పక్కన ఉండాలి.

అందుకు ఆఫ్రికా దాకా వెళ్ళక్కర్లేదు. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంటుగా మొదలై, బయటినుంచి వచ్చినవాళ్ళు ఇళ్ళు కట్టుకోగా పెరిగిన ఊరు. ఒకే చర్చి ఆవరణలో తెలుగు, తమిళం, ఇంగ్లీషు ఆరాధనలు వేర్వేరు వేళల్లో జరుగుతాయి. ఒక ఆరాధన ముగించుకుని వెళ్ళేవాళ్ళు, ఇంకోదానికి వచ్చేవాళ్ళు గేటు దగ్గర ఎదురుపడి వందనాలు చెప్పుకుంటారు. కలిసి కూర్చుని చదవరు.

తిరిగొచ్చాక, శనివారం సాయంత్రాలు మా డాబా మీద కొందరం కూర్చుంటున్నాం. రైల్వేలో రిటైరైన తమిళ పెద్దాయన, ఇద్దరు నర్సులు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దంపతులు. అంకెల్లేని కాగితాలు నేనే టైపు చేయిస్తాను. చదవడం రానివాళ్ళకు మూడుసార్లు పైకి చదువుతాం. ఇప్పుడు ఫిలేమోను పత్రిక తీశాం. పాతికే వచనాలు, ఒనేసిము అనే దాసుణ్ణి యజమాని దగ్గరికే తిప్పి పంపుతూ పౌలు రాసింది. "అతను ఎందుకు వెళ్ళిపోయాడో ఎవరూ అడగలేదేం?" అని వాచ్‌మన్ భార్య అడిగింది. పోయిన శనివారమంతా దానిమీదే గడిచింది. ఈ శనివారం కూడా అదే పత్రిక.