నీటి అడుగున ఊపిరి లెక్క

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని బండ్రి వంటి మెట్టయూళ్లలో నీటి లోతనగా బావి లోతే. గట్టుమీదినుండి దూకి, ఊపిరి బిగబట్టి, అడుగున బడిన బిందెను పైకి దెచ్చినవాడే అచ్చట గజయీతగాడు; వానికి గుండె నిబ్బరమే చాలును. కాని అరువది మీటర్ల లోతున, తాను విడిచిన ఊపిరినే శుద్ధి చేసికొని మరల పీల్చుచు సంచరించు మనుష్యునకు నిబ్బరముతోబాటు గణితము కావలెను, ఆ గణితమును క్షణక్షణము చేసిపెట్టు యంత్రము కావలెను, ఆ యంత్రము చెప్పినది నిజమో కాదో తేల్చుకొనగల బుద్ధి అన్నిటికంటె ముందు కావలెను. ఈ కడపటి దానిని గూర్చియే నేను ముఖ్యముగా చెప్పదలచితిని.

మనము పీల్చు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువుండగా, విడుచు గాలిలో ఇంకను 16 పాళ్లకు తక్కువగాకుండ మిగిలియుండును. మామూలు స్కూబా డైవరు దానినంతయు బుడగలుగా నీటిపాలు చేయును. రీబ్రీదర్ అను సాధనము ఆ ఊపిరిని సంచిలో పట్టి, సోడా లైమ్ గుండ నడపి బొగ్గుపులుసు వాయువును తొలగించి, శరీరము వాడుకొన్నంత ప్రాణవాయువును మాత్రమే చేర్చి తిరిగి నోటికందించును. ఇది నేటి కల్పన కాదు. 1878లో హెన్రీ ఫ్లూస్ అను ఆంగ్లేయుడు ఇట్టి సాధనమును నిర్మించెను. 1880లో సెవర్న్ నది క్రింది సొరంగము నీటమునిగినప్పుడు అలెగ్జాండర్ లాంబర్ట్ అను డైవరు దానినే ధరించి ఆ చీకటిలోనికి నడచిపోయెను. అయితే ప్రాణవాయువు ఒత్తిడి హద్దు మీరినచో మూర్ఛ తెచ్చును. తగ్గినచో, ఏ బాధయు తెలియనీయకయే స్పృహ తప్పించును.

ఈ రెండపాయములకు తోడు, లోతున దేహము గ్రహించిన నత్రజని పైకి వచ్చునప్పుడు తెచ్చు అపాయము మూడవది. వీని నడుమ దారి చూపినవారిలో హాల్డేనులు, తండ్రియు కొడుకును, ప్రాతఃస్మరణీయులు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ మేకలపై పరిశోధనలు జరిపి, శరీరమును వేర్వేరు వేగములతో నత్రజనిని గ్రహించు ఐదు భాగములుగా భావించి, పైకి వచ్చువాడు ఎక్కడెక్కడ ఎంతసేపాగవలెనో 1908లో పట్టికలు ప్రకటించెను. జ్యూరిచ్ పండితుడు బ్యూల్మన్ దానిని పదునారు భాగములుగా విస్తరింపగా, ఆ లెక్కయే నేడు పెక్కు డైవ్ కంప్యూటర్లలో నడచుచున్నది. కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్, 1939లో థెటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిన పిమ్మట, తన దేహమునే పరీక్షకు ఒడ్డి, ఒత్తిడి గదులలో ప్రాణవాయువు పీల్చి, మూర్ఛల పాలై, వెన్నుపూసలకు దెబ్బ తగిలించుకొనెను. ఆయన 1957లో భారతదేశమునకు వచ్చి, ఈ దేశపు పౌరుడై, పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణ వంటి శిష్యులను తీర్చి, 1964 డిసెంబరు 1న భువనేశ్వరములో కన్నుమూయగా, ఆయన కోరిక చొప్పున దేహము కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరినది. కాకినాడ బడిపిల్లలకైనను ఈ సంగతి పాఠముగా చెప్పవలెనని నా కోరిక.

ఇక పనితీరు. రీబ్రీదర్‌లోని కంట్రోలర్‌కు సాధారణముగా మూడు ఆక్సిజన్ సెల్‌లుండును. ఒక్కొక్కటియు తనకు సోకిన ప్రాణవాయువు పీడనమునకు తగినట్లు కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తును పుట్టించును. ఆ పీడనము నిర్ణయించిన మట్టమునకు, తరచుగా 1.3 బార్‌కు, తగ్గినప్పుడెల్ల కంట్రోలర్ కవాటము తెరచి ప్రాణవాయువును విడుచును. నీటిపైనున్న ఒక బార్ మీద పది మీటర్లకొక బార్ చొప్పున ఒత్తిడి పెరుగును గనుక, ముప్పది మీటర్ల వద్ద మొత్తము 4 బార్‌లలో 1.3 అనగా నూటికి 32.5 పాళ్లు, అరువది మీటర్ల వద్ద 7 బార్‌లలో అదే 1.3 నూటికి 18.6 పాళ్లే. లోతుతోబాటు పీల్చు మిశ్రమమే మారుచుండును. సెల్‌లకు తీగతో కలిపిన కంట్రోలర్ ఈ మార్పును చూచుచునే ఆగవలసిన కాలమును లెక్కించును. మణికట్టున కట్టుకొన్న, సెల్‌లతో కలపని రెండవ కంప్యూటరో, 1.3 ఉన్నదని నమ్మి లెక్కించును. నిజముగా ఉన్నది 1.0 అయినచో, దేహమున చేరిన నత్రజని దాని అంచనాను మించిపోవును.

మూడు సెల్‌లలో ఒకటి వేరుగా పలికినచో కంట్రోలర్ దానిని త్రోసివేసి తక్కిన రెంటిని నమ్మును. ఒకేసారి కొన్న రెండు సెల్‌లు ఒకేవిధముగా ముసలివైనచో? అప్పుడు నిజము చెప్పిన ఒంటరి సెల్ ఓడిపోవును. అందుచేతనే అనుభవజ్ఞులు ముప్పది మీటర్ల వద్ద నిలిచి, ప్రాణవాయువును పలుచన చేయు డైల్యుయెంట్ అను వాయువు గల సిలిండరు మీట నొక్కి, సంచిలోని వాయువునంతయు క్రొత్త గాలితో కడిగివేయుదురు. డైల్యుయెంట్ మామూలు గాలియే అయినచో నాలుగు బార్‌లలో 21 పాళ్లు, అనగా 0.84, తెరపై కనబడవలెను. ఆ అంకె వారు మీట నొక్కకమునుపే మనస్సులో లెక్కకట్టుకొని యుందురు. తెరపై చూచిన పిదప లెక్కకట్టువాడు తెర చెప్పినదానికే ఒప్పుకొనును. ఈ ముందువెనుకల భేదమే ఈ విద్యకు ప్రాణమని నా దృఢవిశ్వాసము. ఆరు మీటర్ల వద్ద శుద్ధ ప్రాణవాయువుతో కడిగినప్పుడు 1.6 వరకు ఎక్కని సెల్, క్రింద 1.3 అని చూపినను నమ్మదగినది కాదు.

ఆక్సిజన్ సెల్‌లు చెప్పలేనిది బొగ్గుపులుసు వాయువు సంగతి. సోడా లైమ్‌ను గుల్లగా నింపినను, వాడినదానినే మరల వాడినను, మూడు అంకెలును చక్కగానే యుండగా డైవరునకు ఆయాసము, తలనొప్పి ముందు తెలియును. అట్టి వేళ అంకెలను జూచి ధైర్యము తెచ్చుకొనుట తగదు. వెంటనే విడిగా తెచ్చుకొన్న సిలిండరు గాలికి మారి, చేతి కంప్యూటర్‌ను కూడ, విడిచిన ఊపిరి నీటిపాలగు ఓపెన్ సర్క్యూట్‌కు మార్చవలెను. నోరు మారి కంప్యూటరు మారకున్నచో, అది ఇంకను 1.3 బార్ల ప్రాణవాయువు పీల్చుచున్నాడనుకొని, ఆగవలసిన ఆరు మీటర్ల మెట్టును గడువుకు ముందే తెరపైనుండి తీసివేయగలదు.