మోరీ నీళ్లలో ఆరు అక్షరాలు

2016 మే 17న హైదరాబాద్ అంబర్‌పేటలో తీసిన మురుగునీటి నమూనాలో టైప్ 2 పోలియో వైరస్ కనిపించింది. మన దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో, హౌరాలో. 2014 మార్చి 27న పోలియో రహిత దేశంగా ధ్రువపత్రం కూడా అందుకున్నాం. అందుకే వార్త రాగానే నగరం ఉలిక్కిపడింది. ఆ భయం గురించి చాలామంది రాశారు. ఆ నీటిని చదివిన పనితనం గురించి రాసినవాళ్లు తక్కువ.

పోలియో సోకిన రెండు వందల మందిలో కాలో చెయ్యో పడిపోయేది సుమారు ఒక్కరికే. మిగిలిన పిల్లలు గల్లీలో ఆడుకుంటూనే వారాల తరబడి మలంలో వైరస్‌ను వదులుతుంటారు. వాళ్లెవరూ దవాఖానా గడప తొక్కరు, ఏ రిజిస్టరులోనూ పేరుండదు. మోరీ మాత్రం ఎవరినీ వదిలిపెట్టదు. పాతబస్తీ నేల వాలు మూసీ వైపే. యాకుత్‌పురా, డబీర్‌పురా ఇళ్ల నీళ్లు అటే దిగుతాయి. 1908 వరద తర్వాత నిజాం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకం కూడా గీసిచ్చారు. మూసీ వెంట దిగువన నేడున్న శుద్ధి ప్లాంట్లలో అంబర్‌పేటది పెద్దది. దాని సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. ఇంత నీటిలో సీసా ఎక్కడ ముంచాలో తేల్చుకోవడంలోనే సగం విద్య ఉంది. ఎక్కువ ఇళ్ల మురుగు కలిసే చోటు కావాలి. ఫ్యాక్టరీల రసాయనాలు కలవకూడదు, కలిస్తే ల్యాబులో పెంచే కణాలు చచ్చిపోతాయి.

మంచులో పెట్టి పంపిన ఆ నీటికి పాలిథిలిన్ గ్లైకాల్, డెక్స్‌ట్రాన్ కలిపి రాత్రంతా చల్లగా ఉంచుతారు. తెల్లారేసరికి మజ్జిగ మీద తేటలా నీరు రెండు పొరలవుతుంది. వైరస్ అడుగు పొరకు చేరుతుంది. ఆ కొద్ది మిల్లీలీటర్లను ఎల్20బి అనే కణాల మీద వేస్తారు. ఈ కణాల్ని తయారుచేసినవారి తెలివికి నేను ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యపోతాను. అవి ఎలుక కణాలు. ఎలుక కణంలోకి పోలియో వైరస్ మామూలుగా చొరబడలేదు. మనిషి కణం మీద ఆ వైరస్ పట్టుకునే గ్రాహకాన్ని తెచ్చి వీటికి అమర్చారు. మురుగులో ఎన్ని రకాల వైరస్‌లున్నా ఇక్కడ పెరిగేది దాదాపు పోలియో ఒక్కటే.

అసలు పరీక్ష ఆ తర్వాత. 2016 ఏప్రిల్ 25న దేశమంతటా పోలియో చుక్కల్లోంచి టైప్ 2 తీసేశారు. ఈ నమూనా తీసింది మూడు వారాల తర్వాత. అంతకుముందు వేసిన చుక్కల తాలూకు వైరస్ అప్పటికింకా మోరీల్లో ఉండటం సహజమే. మరి దీన్ని ఎందుకు పట్టించుకోవాలి? వైరస్ జన్యువులో వీపీ1 అనే భాగం సుమారు 900 అక్షరాలు. టైప్ 2లో వాటిలో ఐదు మారినా అది టీకా వైరస్‌గానే లెక్క. ఆరు మారితే, టీకా నుంచి పుట్టి దారితప్పిన వైరస్. ఏడాదికి సుమారు ఒక శాతం మారుతుంది కాబట్టి, ఆరు అక్షరాలు మారాయంటే నెలల తరబడి మనుషుల్లో పెరుగుతూ వచ్చిందని అర్థం. అంబర్‌పేట నమూనా ఈ గీత దాటింది.

దీన్ని అడ్డుకోవాలని మళ్లీ టైప్ 2 చుక్కలు వేస్తే ఆ విత్తనాన్నే మళ్లీ చల్లినట్టు. సూదితో ఇచ్చే పోలియో టీకా చూస్తే అప్పట్లో ప్రపంచమంతా కొరత. అందుకని మామూలు మోతాదులో ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మం పొరలోనే వేయాలని నిర్ణయించారు. అలా వేయడం తేలిక కాదు. కొంచెం లోతుకు దిగితే చర్మం దాటిపోతుంది. సరిగా పడితే చిన్న బొబ్బ లేస్తుంది. ఏడుస్తూ గింజుకునే పసివాళ్లకు జూన్ నెలలో నర్సమ్మలు ఈ పని చేశారు. ఆరు వారాల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు 3,11,064 మంది లక్ష్యం కాగా, 94 శాతం మందికి టీకా అందిందని అంచనా.

ఈ విద్య పోలియోతో ఆగలేదు. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు ఇదే నగరపు మురుగు చదివి, సుమారు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉంటుందని చెప్పారు. అప్పటి అధికారిక లెక్క అందులో చిన్న భాగమే.

ఇంతటి విద్య చేతిలో ఉన్నాక దాన్ని గండం వచ్చినప్పుడే బయటికి తీయడం సరికాదు. జలమండలి, ఆరోగ్యశాఖ కలిసి టైఫాయిడ్, కలరాలకూ ఈ నిఘా ఏడాది పొడవునా నడపాలి. ఫలితాలు వారం వారం బస్తీ జనానికి చెప్పాలి.