లేనిదానిని చూపు విద్య

ఒక్క దినములో ఒక ప్రదేశమును చూచి రావచ్చునా యని నన్నడుగువారికి, మీకు దారి చూపువాడెట్టివాడో ముందు చెప్పుడు, అటుపిమ్మట సమాధానము చెప్పెదనని బదులిచ్చుట నాకు అలవాటు. వేకువనే విశాఖపట్టణములో కిరండూల్ పాసింజరు ఎక్కి, అనేక సొరంగములను దాటి, బొర్రాలో దిగి గుహలను చూచి, అనంతగిరి కాఫీతోటల మీదుగా అరకు చేరి, గిరిజన మ్యూజియమును దర్శించి, థింసా నృత్యమును తిలకించి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఘాట్ రోడ్డు వెంట తిరిగి వచ్చు యాత్రను ఏటేట ఎందరో చేయుచున్నారు. ఆ కొన్ని గంటలలో చూచినవి పొందిక లేని దృశ్యములై చెదరిపోవునో, ఒకే కావ్యములోని ఆశ్వాసములై మనసున నిలుచునో, అది యంతయు గైడు అని మనము తేలికగా పిలుచు ఆ మనిషి విద్యపై ఆధారపడి యున్నది. ఆ విద్య పౌరాణికుని విద్యకుగాని, ఉపాధ్యాయుని విద్యకుగాని తీసిపోవునది కాదని నా దృఢవిశ్వాసము. అందు మిక్కిలి కఠినమైన భాగము, లేనిదానిని లేదని చెప్పి, ఎందుకు లేదో చూపగలుగుట.

ఈ సంగతి నాకు బొర్రాలో స్పష్టపడినది. మెట్లు దిగి, పగటి వెలుతురు వెనుకబడిన చోట, పైకప్పునుండి వరుసగా వ్రేలాడుచున్న సున్నపుకొనలను చూచి మా బృందములోని యొక బాలుడు, “అంకుల్, ఇవి డైనోసారు పళ్లా?” అని గైడు నడిగెను. గైడు ఆ చుట్టుప్రక్కల పల్లెకు చెందిన గిరిజన యువకుడు. అప్పటికే శివలింగమనియు, తల్లీబిడ్డలనియు, మొసలి యనియు అనేక రూపములను ఆతడు మాకు చూపి యుండెను. ఆ వరుసలో ఇంకొకటి చేర్చి, బాలుని ముచ్చట తీర్చి యుండిన, అడ్డుచెప్పువారెవరును లేరు. అయినను ఆతడు టార్చిలైటును క్రిందికి దింపి, “కాదు బాబూ. ఈ కొండరాయి పుట్టేసరికి డైనోసారు కాదుగదా, చేప కూడా లేదు. ఎముకలున్న జీవమే లేదప్పుడు” అనెను. బాలుడు నిరుత్సాహపడలేదు సరికదా, “మరైతే అప్పుడేముండేది?” అని వెంటనే అడిగెను. ఔనని యుండిన అక్కడితో ముగిసిపోవలసిన ప్రశ్న, కాదనుటచే మరియొక ప్రశ్నను కన్నది.

ఆ యువకుడు చెప్పినది సత్యము. ఈ కొండలలో విరివిగా కానవచ్చు ఖోండలైటు అను శిలకు ఆ పేరు పెట్టినవాడు టి. ఎల్. వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు. 1902లో కలహండి ప్రాంతపు శిలలను వర్ణించుచు, అచట నివసించు ఖోండుల పేరనే దానిని పిలిచెను. పుట్టుకతో ఇది రాయి కాదు. ఏనాడో జలగర్భమున పొరలు పొరలుగా పేరుకొనిన బంకమన్ను, సుమారు 100 కోట్ల ఏండ్లకు పూర్వము భూఖండములు ఒండొంటిని ఢీకొనిన కాలమున, కిలోమీటర్ల లోతునకు కూరుకొనిపోయి, కొన్ని తావులలో 900 డిగ్రీల సెల్సియస్ మించిన వేడిమిలో మగ్గి, గార్నెట్టు, సిల్లిమనైటు, స్ఫటికము, గ్రాఫైటు అను ఖనిజములుగా మారినది. ఆవములో కాలిన కుండను చూచి, ఆ మన్ను ఏ చెరువుగట్టుదో చెప్పుట ఎంత కష్టమో, ఈ రాతిని చూచి దాని పూర్వరూపమును ఊహించుట అంత కష్టము. ఆ కాలమున తూర్పు అంటార్కిటికా మన తీరమునకు ఆనుకొని యుండెను. నేటికిని అచటి మంచు క్రింద ఈ రాళ్లకు జ్ఞాతులైన రాళ్లు కలవు. డైనోసారులు అవతరించినది సుమారు 23 కోట్ల ఏండ్ల క్రిందట. వాటి యుగము ముగిసినది 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట. అనగా ఆ మహాకాయములు భూమిపై నడయాడిన నాటికే ఈ శిలలు వృద్ధశిలలు. వాటిలో అస్థికలను వెదకుట, తాతముత్తాతల పెండ్లిపత్రికలో మనుమల పేర్లను వెదకుటయే యగును.

అట్లైన తెలుగునేలపై డైనోసారులు లేవా యనిన, కలవు. వాటి నెలవు ప్రాణహిత, గోదావరి నదుల లోయ. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి చెంత భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు వెలికి తీసిన ఎముకలను పరిశీలించి, 1988లో పి. యాదగిరి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అను పేరిట లోకమునకు పరిచయము చేసెను. జురాసిక్ యుగపు తొలిభాగమున జీవించిన ఆ శాకాహారి అస్థిపంజరము, సుమారు 9 మీటర్ల పొడవున, హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నేడు నిలిచి యున్నది. ఆ లోయలోనే, మహారాష్ట్రకు చెందిన సిరొంచ ప్రాంతమున దొరకిన మరియొక మహాకాయమునకు బరపాసారస్ టాగొరై అని పేరు. దానికొరకు త్రవ్వకములు సాగిన 1961 రవీంద్రనాథ టాగూరు శతజయంతి వత్సరమగుటచే ఆ మహాకవి పేరు దానికి అబ్బినది. దాని అస్థిపంజరము కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో కలదు. ఇక వాటి యుగాంతమునకు సాక్ష్యము కావలసినవారు రాజమహేంద్రవరము చేరువనున్న కాతేరునకు పోవలెను. పశ్చిమముననుండి వందల కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన దక్కను లావా పొరలును, వాటి నడుమ చిక్కుకొనిన సముద్రజీవుల శిథిలములును అచటి క్వారీలలో బయల్పడినవి. డైనోసారులు అంతరించిన కాలమును నిర్ణయించుటకు దేశవిదేశ శాస్త్రజ్ఞులు వాటిని పరిశోధించిరి. “ఇక్కడ లేవు, అక్కడ ఉన్నాయి” అని దారి చెప్పగల గైడు, తన కొండల గౌరవమును తగ్గించుకొనుట లేదు. తెలుగుదేశపు పటమును యాత్రికుని మనసులో విప్పి పరచుచున్నాడు.

ఉన్నదానిని చూపుటలోను ఆ యువకుని నేర్పు తక్కువది కాదు. గుహకు పైన మేయుచున్న ఆవు ఒకటి రంధ్రమున పడిపోగా, దానిని వెదకుచు దిగిన గోపాలుడు లింగమును కనుగొనెననియు, ఆవు పొదుగునుండి జారిన ధారయే గోస్తనీ నది యైనదనియు స్థలపురాణము. దానిని ఆతడు భక్తితో చెప్పెను. అటుపిమ్మట మమ్ము ఒక మూలకు పిలిచి, చిటికెనవ్రేలంత కొన ఒకదానిపై వెలుగు నిలిపి, కదలక చూడుమనెను. కొన చివర ఒక నీటిబొట్టు నెమ్మదిగా నిండుచుండెను; దాని పైభాగమున పలుచని తెల్లని వలయమొకటి కానవచ్చుచుండెను. బొట్టు జారి క్రింది రాతిపై పడగా, పడిన చోట నున్నని తెల్లని బొడిపె మెరసెను. వాననీరు గాలినుండియు, ఆకులు కుళ్లిన మంటినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నపురాతిని కరగించుననియు, గుహలోని గాలి సోకగానే ఆ వాయువు వెడలిపోయి, కరగిన సున్నము మరల గట్టిపడుననియు మేము పుస్తకములలో చదివినదే. కాని ఆ తెల్లని వలయమును చూచిన పిమ్మట అది చదువు గాక చూపు అయినది. ఒకరు చేయి చాపబోగా, “ముట్టుకోకండి సార్, చేతి జిడ్డు అంటితే ఇంక పెరగదు” అని ఆతడు వారించెను. పురాణమును, శాస్త్రమును ఒకదానితో నొకటి పోరాడనీయక, దేని తావున దానిని నిలిపి చెప్పిన ఆ మర్యాద నన్ను మిక్కిలి ఆకర్షించినది.

గుహలను తొలిచిన ఆ గోస్తనియే కొండలు దిగి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమున సముద్రమును కలియుచున్నది. యాత్ర ఏర్పాటు చేయువారు ఈ నదిని అనుసరించిన, కథకు రెండవ సగము దానంతట దొరకును. ఏలయన, భీమునిపట్టణమునకు పోవు దారిలో సముద్రపు టొడ్డుననే ఎఱ్ఱమట్టి దిబ్బలు కలవు. వానధారలు చీల్చిన ఇరుకు లోయలు, నిట్టనిలువు గోడలు, వంకలు తిరిగిన గండ్లు, పచ్చిక నిలువని గట్లు. కెనడాలోని అల్బర్టా రాష్ట్రమున రెడ్ డియర్ నదీతీరపు బీడునేలలను చూచివచ్చిన మనవారు ఈ దృశ్యమును చూచి ఆ సీమను తలచుకొందురు. అచట డ్రమ్‌హెల్లర్ పట్టణము చేరువ అట్టి లోయలలో గైడ్ల వెంట యాత్రికులు నడచుచు డైనోసారు అస్థికలను నేలపైననే చూతురు. వాటికొరకే అచట 1985లో రాయల్ టిరెల్ మ్యూజియము వెలసినది. పోలిక ఆకారమున మాత్రమే. అచట నీరు కోసినది డైనోసారుల కాలపు పొరలను. ఇచట కోసినది వేల సంవత్సరములలో లెక్కింపదగిన నిన్నమొన్నటి ఇసుకను. గడచిన హిమయుగమున సముద్రము 100 మీటర్లకు పైగా క్రుంగి వెనుకకు తగ్గినప్పుడు బయల్పడిన ఇసుకను గాలి ఎత్తి పోయగా, ఏరులు దానికి తోడు కాగా, పిమ్మట ఇనుపతుప్పు రేణువు రేణువును పూయగా ఈ దిబ్బలు ఎఱ్ఱబారినవి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినది.

వాన వెలసిన మరునాడు ఆ గండ్ల అడుగున నడచి చూడవలెను. ఎఱ్ఱని ఇసుకపై నీరు పారిన జాడలలో సన్నని నల్లని చారలు, వాటి అంచున గులాబిరంగు మెరపులు కానవచ్చును. నల్లనివి ఇల్మనైటు రేణువులు, గులాబివి గార్నెట్టు. తేలికైన స్ఫటికపు రేణువులను నీరు ముందునకు కొట్టుకొనిపోగా, బరువైన ఇవి వెనుక నిలిచి బారులు తీరినవి. అనంతగిరి ఘాట్ రోడ్డు ప్రక్కన తెగిన గట్టున ఏ గార్నెట్టును ఖోండలైటు ముక్కలో చూచితిమో, ఆ జాతి గార్నెట్టే ఇచట అరచేతిలో నిలిచినది. కొండ నలిగి ఏటిలో పడి, ఏరు సముద్రమునకు చేర్చి, సముద్రము ఒడ్డునకు విసరి, గాలి దిబ్బగా పోసి, వాన మరల కోయుచున్నది. నడుమ గడచిన కాలములో డైనోసారుల యుగము సర్వమును ఇమిడిపోయినది. దాని గురుతు ఈ దారిలో ఒక్కటియు లేదు. 100 కోట్ల ఏండ్ల కొండకును, నిన్నటి దిబ్బకును నడుమనున్న ఆ శూన్యమును కన్నులకు కట్టించుటయే గైడు చేయదగిన గొప్ప పని. పూరింపబడిన పుటలను ఎవరైనను చదువుదురు. చిరిగిపోయిన పుట ఇచట నుండెనని చెప్పుటకు పుస్తకమంతయు తెలిసినవాడు కావలెను.

అట్టివాడు ఎక్కడనుండి రావలెననిన, ఆ కొండలనుండియే రావలెనని నా మనవి. దానికి న్యాయము కూడ తోడున్నది. బొర్రా పరిసరములలోని పల్లెలలో సున్నపు ఖనిజముకొరకు ప్రైవేటువారికిచ్చిన గనుల లీజులపై సమత అను సంస్థ న్యాయస్థానముల తలుపు తట్టగా, షెడ్యూల్డు ప్రాంతములలోని ప్రభుత్వభూములను సైతము గిరిజనేతరులకు లీజుగా నీయరాదని 1997లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆ శిల ఎవరి కాళ్లక్రిందిదో ఆ తీర్పు తేల్చినది. దానిని గూర్చి చెప్పు అధికారము ఎవరిదో మనమింకను తేల్చవలసి యున్నది. ఏ ఊటలో వేసవియందును నీరుండునో, ఏ గట్టు వానకాలమున జారునో, ఏ చెట్టు నీడలో కాఫీ బాగుగా పండునో, ఏ సంతకు ఏ కొండవారు వత్తురో ఆ యువకులకు పుట్టుకతో తెలిసినది. పుస్తకజ్ఞానమును దానికి చేర్చుట కష్టము కాదు. పుస్తకజ్ఞానము గలవానికి ఆ స్థానికజ్ఞానమును చేర్చుటయే దుస్సాధ్యము.

కావున నేను కోరునది సామాన్యమైన ఏర్పాటు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోని భూగర్భశాస్త్ర శాఖవారు, ఏటేట కొందరు కొండప్రాంతపు యువతీయువకులను చేర్చుకొని, బొర్రానుండి భీమునిపట్టణము వరకు ఈ రాతికథను నేర్పవలెను. అట్లు నేర్చినవారికి యాత్రికుల దయాధర్మముపై ఆధారపడని జీతమును నిర్ణయింపవలెను. ఎఱ్ఱమట్టి దిబ్బల చుట్టు నేల చదును చేయుటను ఖండితముగా మాన్పి, నడచుదారులను గుర్తించి, మిగిలిన గట్లపై అడుగిడకుండ కాపాడవలెను. ఒక్కమారు యంత్రముతో చదును చేసిన లోయను ఏ ప్రభుత్వమును మరల కోయించి యీయజాలదు. యాత్రికులమైన మనమును, ఎన్ని వ్యూపాయింట్లు చూచితిమని లెక్కించుట మాని, చూచినవానిలో రెంటి నడుమ బంధమేమని గైడు నడుగుట నేర్వవలెను. విశాఖపట్టణపు బడిపిల్లలకు ఈ నది పరాయిది కాదు. తాటిపూడి నుండి వచ్చు గోస్తనీజలమును ఆ నగరము త్రాగుచున్నది. బడి విడుచులోపల వారిలో ప్రతియొక్కరును ఒక దినము, విషయము తెలిసిన కొండబిడ్డ వెంట, ఆ నీరు వచ్చిన దారిలో నడువవలెను. దాని వ్యయమును భరించుట నగరపాలకులకు అసాధ్యము కాదు, అనవసరమును కాదు.