ఉపయోగపు అంచున తేనీటి పాత్ర: పదిహేనవ రాకు కిచిజాయెమోన్ మృణ్మయాల పరిశీలన

జపాన్ తేనీటి విధియైన 'చానోయు'లో పాత్రను తీరికగా పరిశీలించే ఘట్టం తేనీరు తాగిన తరువాత వస్తుంది. అతిథి మోచేతులను మోకాళ్లకు ఆనించి, పాత్రను చాపకు దగ్గరగా పట్టుకొని నెమ్మదిగా తిప్పి చూస్తాడు. అడుగున ఉన్న మట్టివలయాన్ని కూడా చూస్తాడు. చాలా పాత్రలలో ఆ వలయానికి పూత ఉండదు కనుక మట్టి స్వభావమూ, చేసిన చేతి తీరూ అక్కడే బయటపడతాయి. చిక్కని తేనీరైన 'కోయిచా'ను అతిథులందరూ ఒకే పాత్రలో, అంచు తుడిచి అందించుకుంటూ తాగుతారు. ఎంగిలి పట్టింపు గల తెలుగు పాఠకునికి ఇది వింతగా తోచవచ్చు. కానీ పాత్ర అంచును గురించిన చర్చ అంతా ఆ పెదవి స్పర్శ నుండి పుట్టినదే.

ఈ స్పర్శ అవసరమా అన్న ప్రశ్నను ఆధునిక జపాన్ మృణ్మయ కళ తీవ్రంగానే వేసుకొంది. 1948లో క్యోటోలో ఏర్పడిన 'సోదేయిషా' బృందంలో ప్రముఖులైన యాగి కజువో 1954లో 'జామ్జా గారి షికారు' అనే శిల్పాన్ని రూపొందించారు. కాఫ్కా కథానాయకుని పేరు పెట్టుకొన్న ఆ వలయానికి గొట్టాలే కాళ్లు. సారెపై పుట్టినా అది దేనినీ పట్టి ఉంచదు. అంతకుముందే, జానపద కళల పక్షాన నిలిచిన యానగి సోయెత్సు ఇందుకు పూర్తిగా భిన్నమైన వాదం చేశారు. 'కిజాయెమోన్ ఇదో' అనే కొరియా పాత్ర గొప్పదనం, దానిని ఎవరూ కళాఖండంగా తలచి చేయకపోవడంలోనే ఉందన్నారు. రాకు పాత్రలలోని బుద్ధిపూర్వకమైన కళాస్పృహ ఆయనకు నచ్చలేదు.

యానగి ఆక్షేపించిన ఆ వంశంలోనే 1949లో జన్మించిన పదిహేనవ కిచిజాయెమోన్ రచనలు ఇక్కడ ప్రధానంగా పరిశీలించదగినవి. పదహారవ శతాబ్దంలో సెన్ నో రిక్యూ అభిరుచికి అనుగుణంగా చోజిరో ప్రారంభించిన పద్ధతి ఈ వంశానిది. పాత్రకు సారె వాడరు. చేతులతో మలచి, గరిటెతో చెక్కుతారు. నల్లరాకు పాత్రను ఎర్రగా మండుతుండగానే పట్టకారుతో ఆవం నుండి బయటకు తీస్తారు. టోక్యోలో శిల్పకళ అభ్యసించి, రోమ్‌లో కొంతకాలం గడిపి వచ్చిన ఈయన 1981లో వంశనామాన్ని స్వీకరించారు. 1990 నాటి 'తెన్మోన్' ప్రదర్శనలోని 'యాకినుకి' పాత్రలు చూపరులను కలవరపెట్టాయి. బొగ్గుల మధ్య నేరుగా కాలిన ఆ నల్లని మట్టి బండరాతిని తలపిస్తుంది. చెక్కుడు గీతలు లోతుగా ఉంటాయి, అంచు ఎగుడుదిగుడుగా సాగుతుంది. చోజిరో పాత్ర చేతిలో ఒదిగిపోతుంది. ఈ పాత్రను మాత్రం ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పెదవి ఆనించాలో వెతుక్కోవాలి.

ఇది శిల్పి అహంకారమా? కొన్ని పాత్రలలో బాహ్యరూపపు ఆర్భాటం మితిమీరిందన్నది కాదనలేని మాట. అయినా యాగి మార్గం కంటే ఇదే కఠినమైనది. శిల్పానికి జవాబుదారీ చూపు ఒక్కటే. తేనీటి పాత్రకు చెయ్యి, పెదవి, వేడి, చివరికి కవ్వం కూడా పరీక్షాధికారులే. నారా ప్రాంతపు తకయామాలో ఒకే వెదురు ముక్కను సన్నగా చీల్చి చేసే 'చాసెన్' అనే ఈ చిన్న కవ్వం పాత్ర లోపలి గరుకును క్షమించదు, పుల్లలు విరుగుతాయి. బయట ఎంత తిరుగుబాటు చేసినా లోపలి అడుగు దానికి లోబడక తప్పదు. కిచిజాయెమోన్ పాత్రలను అంచనా వేయవలసింది కూడా ఈ లోపలి వైపు నుండే.

విమర్శకులకు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. షిగా ప్రాంతంలోని సగావా కళాప్రదర్శనశాలలో 2007లో ఆయన పేరిట ఒక విభాగం ప్రారంభమైంది. నీటి తోట నడుమ తేనీటి గది, నీటిమట్టానికి దిగువన ప్రదర్శన గదులు ఆయన ఆలోచన మేరకే రూపొందాయి. పాత్రలతోపాటు వాటిని వాడే చోటును కూడా నిర్మించడం గమనార్హం. అయితే గాజుపెట్టెలోని పాత్రను సందర్శకుడు తిప్పలేడు, అడుగు చూడలేడు, బరువు తెలుసుకోలేడు. పాత్రను పక్క నుండి తీసిన ఛాయాచిత్రాన్ని ఆధారం చేసుకొని వ్రాసిన విమర్శ సహజంగానే చెక్కుడు గీతల దగ్గర ఆగి, వాటిని శిల్పంగా మెచ్చుకొంటుంది. 2019లో కుమారునికి వంశనామం అప్పగించి 'జికిన్యూ'గా మారిన ఈ కళాకారుని పాత్రలపై తేనీరు తాగినవారి సాక్ష్యం, చూసినవారి ప్రశంసతో సమానంగా నమోదు కావలసి ఉంది.