పబ్బుకెళ్ళే సైకిల్

ఇంగ్లాండులో సైకిలంటే ప్రాణం పెట్టేవాళ్ళ ఇళ్ళకు వెళ్తే తరచుగా రెండు బళ్ళు కనిపిస్తాయి. ఒకటి నట్టింట్లో గోడకు తగిలించి ఉంటుంది. కార్బన్ ఫ్రేము, సన్నటి టైర్లు, ఆ డబ్బుతో మన దగ్గర మోటార్ సైకిలే కొనొచ్చు. రెండోది పెరట్లో వానకు తడుస్తూ ఉంటుంది. రంగు పెచ్చులూడి, మడ్‌గార్డు సొట్టలు పడి, సీటు తోలు పగిలి ఉంటుంది. దాన్ని ‘పబ్ బైక్’ అంటారు. నాకు ఇష్టమైనది ఈ రెండోదే.

పబ్బంటే హైదరాబాదులో చెవులు హోరెత్తించే చోటు కాదు. వీధి చివర పాత కట్టడం. చుట్టుపక్కలవాళ్ళు సాయంత్రం పూట చేరి, గ్లాసు బీరు ముందు పెట్టుకుని, వాన గురించీ ఫుట్‌బాల్ గురించీ మాట్లాడుకునే చోటు. నడవడానికి కాస్త ఎక్కువ దూరం, కారు తీయడానికి మరీ తక్కువ. సైకిలేసుకుని వెళ్ళి, బయట కంచెకు తాళం వేసి, లోపల రెండు మూడు గంటలు కూర్చోవాలి. కూర్చున్నంతసేపూ మనసు బయటి బండి మీదికి పోకూడదు. ఖరీదైన సైకిలుతో ఆ నిశ్చింత ఉండదు. దొంగ చూసేది అమ్మితే ఎంతొస్తుందని. పాత బండిని చూసి పక్కదాని దగ్గరికి పోతాడు. అలాగని తాళం వేయకుండా వదలకూడదు. ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి తాళం వేయాల్సిందే.

నేనుండేది నాటింగ్‌హామ్‌లో. ఈ ఊళ్ళో పాత సైకిలు మాట ఎత్తితే రాలీ దగ్గరికి రాక తప్పదు. రాలీ స్ట్రీట్ అనే వీధిలో 1880ల్లో చిన్న వర్క్‌షాపుగా మొదలై, ఆ వీధి పేరునే పెట్టుకుని ప్రపంచమంతటా అమ్మిన కంపెనీ అది. ఇరవయ్యొకటో శతాబ్దం మొదట్లో ఇక్కడి తయారీ ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీ నేలలో కొంత భాగం మీద ఇప్పుడు నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం జూబిలీ క్యాంపస్ ఉంది. కుర్రతనంలో ఈ ఫ్యాక్టరీలో పనిచేసిన ఆలన్ సిలిటో 1958లో ‘సాటర్డే నైట్ అండ్ సండే మార్నింగ్’ నవల రాశాడు. వారమంతా సైకిళ్ళ ఫ్యాక్టరీలో లేత్ ముందు నిలబడి, శనివారం రాత్రి తాగి ఆ కసి తీర్చుకునే ఆర్థర్ సీటన్ కథ అది. సైకిలూ పబ్బూ ఈ ఊరివాళ్ళకు ఒకే బతుకులోని భాగాలు.

నా బండి కూడా రాలీయే. ఒక ఇల్లు ఖాళీ చేస్తుంటే, నాలుగుసార్లు పబ్బుకెళ్తే అయ్యేంత డబ్బుకు దొరికింది. వెనక హబ్బు మీద 71 అని ముద్ర ఉంది. స్టర్మీ ఆర్చర్ కంపెనీ తన హబ్బుల మీద తయారైన సంవత్సరం ఇలా అచ్చు వేసేది. ఈ హబ్బు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 1902లో పేటెంటు తీసుకున్న మూడు గేర్ల ఏర్పాటుకు ఇది వారసురాలు, పేరు ఏడబ్ల్యూ. లోపల ఇరుసు మీద కదలని పళ్ళచక్రం ఒకటి, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు నాలుగు, వాటిని చుట్టుకుని లోపలివైపు పళ్ళున్న పెద్ద వలయం ఒకటి. నడిమి గేరులో గొలుసు పళ్ళచక్రం ఎంత తిరిగితే వెనక చక్రం అంతే తిరుగుతుంది. పై గేరులో మూడోవంతు ఎక్కువ, కింది గేరులో నాలుగోవంతు తక్కువ. అన్నీ డొల్ల లోపలే ఉంటాయి కనుక వానా బురదా అంటవు. పైనున్న చిన్న రంధ్రంలో అప్పుడప్పుడు నాలుగు చుక్కల నూనె వేస్తే చాలు. యాభై ఏళ్ళు దాటినా నా హబ్బు సన్నగా టిక్కుటిక్కుమంటూ తిరుగుతూనే ఉంది. ఒకటే జాగ్రత్త. కేబుల్ వదులైతే రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య పట్టు తప్పి పెడల్ ఒక్కసారిగా జారిపోతుంది, నిలబడి తొక్కేవాడు కడ్డీ మీద పడతాడు. అందుకే కేబుల్ బిగువు చూడకుండా నేను బయల్దేరను.

కొందరు ఇలాంటి బండి దొరగ్గానే పాత రంగు గీకించి, కొత్త రంగు కొట్టించి, క్రోమియం పూయించి తళతళలాడిస్తారు. నాకది నచ్చదు. మెరిసిందంటే ఇక దాన్ని పబ్బు బయట వదలలేం. పైకి ఎలా ఉందో అలా ఉండనివ్వాలి. డబ్బు పెట్టాల్సింది బ్రేకులకు, లైట్లకు, టైర్లకు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పాత రిమ్ములు ఉక్కువి, పైన క్రోమియం పూత. పొడిగా ఉన్నప్పుడు బ్రేకు బాగానే పడుతుంది. తడిసిందంటే, ఎంత నొక్కినా బండి సాగిపోతూనే ఉంటుంది. తోలు ముఖం అతికించిన బ్రేకు దిమ్మలు వేయిస్తే తడిలో కాస్త నయం. అయినా వానలో ముందునుంచే నొక్కుకుంటూ రావాలి. తొక్కిన ప్రతిసారీ కాలి కింద ‘టక్’మంటుంటే కాటర్ పిన్ను అరిగిందన్నమాట, ఆ చప్పుడుతోనే తిరిగితే చివరికి క్రాంకు పాడవుతుంది. చీకటి పడ్డాక ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం ఇక్కడి చట్టం. 1985 అక్టోబరు తర్వాత తయారైన సైకిళ్ళకైతే పెడళ్ళకు నారింజ రంగు రిఫ్లెక్టర్లు కూడా తప్పనిసరి. నా బండికి మినహాయింపు ఉన్నా పెట్టించుకున్నాను.

తాగుడు మాట. సైకిలే కదా, ఎంత తాగినా ఫర్వాలేదు అనుకునేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. బండి అదుపు చేయలేనంత మత్తులో సైకిలు తొక్కడం 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం కింద నేరం, వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. దానికంటే పాతది 1872 నాటి లైసెన్సింగ్ చట్టం. 1950లో ఇల్‌ఫ్రాకూమ్ అనే ఊళ్ళో ఒకతను తాగి సైకిలును నడిపించుకుంటూ పోతుంటే పోలీసులు పట్టుకున్నారు. ఎక్కి తొక్కలేదు, చేత్తో తోస్తున్నాడంతే. పాత చట్టంలో సైకిల్ మాటే లేదు, తాగినవాడి అధీనంలో ‘బండి’ ఉండకూడదని ఉంది. మనిషిని మోస్తుంది కనుక సైకిలు కూడా బండేనని కోర్టు తేల్చింది. కోర్కరీ వర్సెస్ కార్పెంటర్ అని న్యాయశాస్త్రం విద్యార్థులు నేటికీ చదివే కేసు ఇది. నా మట్టుకు నాకు ఒక్క గ్లాసే హద్దు. ఏ రాత్రైనా మాటలు సాగి రెండోది చేతికొస్తే, బండిని అక్కడే వదిలి నడిచి వస్తాను. తెల్లారి వెళ్తే ఉంటుంది. ఉంటుందన్న ఆ ధీమా కోసమే పాత బండి.

ఇదంతా తెలుగు పాఠకుడికి ఎందుకంటే, నేను ఇక్కడ నూనె వేసి తుడుచుకునే బండికి దగ్గరి చుట్టం మీ పెరట్లో ఉండొచ్చు. 1949లో మద్రాసులో బ్రిటన్ కంపెనీ భాగస్వామ్యంతో మొదలైన టీఐ సైకిల్స్ హెర్క్యులెస్‌ను తయారు చేసింది. ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ ఫ్యాక్టరీ నడిచింది. రాడ్ బ్రేకులు, ముందు 32 వెనక 40 పుల్లలు, కాటర్ పిన్నులు, ఇరవై ఎనిమిది-ఒకటిన్నర టైరు, అన్నీ ఆ పాత ఇంగ్లీషు కొలతలే. ఆ టైరు కోసం ఇక్కడ వెతుక్కోవాలి. మన ఊళ్ళల్లో సైకిల్ షాపులో అడిగితే చాలు.

నాన్నగారిదో తాతగారిదో పాత సైకిలు పెరట్లో ఉంటే పాత ఇనుప సామాన్లవాడికి వేసేయకండి. బ్రేకు రబ్బర్లు మార్పించి, చైనుకు నూనె వేయించి, ఓవరాలింగ్ చేయించండి. టీ కొట్టుకూ లైబ్రరీకీ దాని మీదే వెళ్ళండి. రాడ్ బ్రేకు బిగువు చూసి సరిచేయడం తెలిసిన మేస్త్రీలు మన ఊళ్ళల్లో ఇంకా షాపు తెరుస్తున్నారు. వాళ్ళుండగానే తీసుకెళ్ళండి.