తూర్పు భాగవతమును షేక్స్పియరు ఆటశాలయు

పలాసలోను టెక్కలిలోను చదువుకొన్నవారి యిండ్ల షేక్స్పియరు నాటకమొకటి అలమారులో నుండుట అరుదు కాదు. ఉద్దానపు పల్లెలో అమ్మవారి సంబరమునకు తూర్పు భాగవతము వచ్చినదన్న నో, ఆ యిండ్లవారిలోనే పలువురు అది మోటువారి యాట యని ముఖము త్రిప్పుకొందురు. ఈ రెండభిరుచులు ఒక యింట నెట్లు పొసగుచున్నవో విచారింపవలసియున్నది.

మనము షేక్స్పియరును పాఠ్యగ్రంథముగా నెరుగుదుము. ఆయన కాలమువారు ఆటగా నెరిగిరి. 1576లో జేమ్సు బర్బేజి నాటకశాలను లండను నగరపు పొలిమేర వెలుపల షోర్డిచ్‌లో గట్టించెను. పొలిమేర దాటి యేల పోవలె? నగరపాలకులకు నాటకము గిట్టదు. జనము గుమిగూడిన చోట మహామారి వ్యాపించుననియు, పనివాండ్రు పని మానుదురనియు, పడుచువాండ్రు చెడుదురనియు వారి మొర. ప్రభువుల యండలేని నటులను 1572 నాటి చట్టము దేశదిమ్మరులలో జమకట్టినది. 1599లో థేమ్సు నదికి దక్షిణమున గ్లోబుశాల లేచినది. అచ్చట పట్టపగలు ఆట. కప్పులేని నడిమి బయలున ఒక పెన్నీ యిచ్చినవారు నిలుచుండి చూచిరి. మరియొక పెన్నీ యిచ్చినవారు చుట్టునున్న అంతస్తులలో గూర్చుండిరి. ప్రేక్షకులలో స్త్రీలును గలరు. రంగముపై మాత్రము లేరు. జూలియెట్టు వేషము మగపిల్లవానిదే. ఇంగ్లండు రంగమున వృత్తినటిగా స్త్రీ యడుగిడుటకు 1660 రావలసివచ్చినది.

ఇక మన భాగవతము. ఆరుబయలు, రాత్రివేళ, నటునికిని చూపరికిని నడుమ బారెడు నేల. పురుషుడే సత్యభామ. మృదంగము వట్టి తోడువాద్యము కాదు. అది భామ పాదమును సవాలు చేయును, పాదము బదులు చెప్పును. మంచి మద్దెలగాడు దొరికిన రాత్రి, భామ గర్వమెంతో విరహమెంతో మాటలు తెలియని పసివానికిని తెలియును. కథకుడు చూపరులతో పరిహాసమాడును. ఆ పరిహాసము కొన్నిచోట్ల హద్దు మీరుననుట నిజము. గ్లోబుశాలలో విదూషకుడు మీరలేదా? ఆ ముతక మాటలకు మన కళాశాలలలో టిప్పణము వ్రాసి బోధింతురు!

సంస్కర్తల పలుకులో న్యాయము లేకపోలేదు. మేజువాణిని ఖండించిన వీరేశలింగము పంతులుగారే 1880లో రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే 'చమత్కార రత్నావళి' నాడించిరి. అది షేక్స్పియరు ప్రహసనమునకే తెనుగుసేత. వారు దూషించినది వ్యసనమును, నాటకమును గాదు. వెనుకవచ్చిన మర్యాదస్థులు ఈ భేదమును మరచిరి. కళావంతుల స్త్రీలును భామాకలాప మాడుచుండిరి. 1947 నాటి మదరాసు చట్టముతో దేవదాసీ సమర్పణము నిషిద్ధమైనది. ఆ దురాచారము పోవుట మేలే. కాని ఆ స్త్రీల విద్యకు గౌరవమైన రంగమొకటి చూపక, వారి గజ్జెలను మూలబెట్టించుట సంస్కరణమని మేమనజాలము.

భాగవతమునందు మాకు దోచు లోపము వేరు. లండనులో ప్రేక్షకుల నడుమ బ్రదుకువారే వారికై యేటేట క్రొత్త నాటకములు వ్రాసిరి. ఇచ్చట భామ యలుక తరతరములుగా నొక్కటే. అందము తరుగలేదు గాని విషయము పెరుగలేదు. తప్పు నటునిది కాదు. కలముపట్టినవారు ఆ బయలునకు రాలేదు. వచ్చినచో నేమగునో గురజాడ అప్పారావుగారు చూపిరి: 1892లో విజయనగరమున 'కన్యాశుల్కము' రంగమెక్కినప్పుడు ఈ సీమ పలుకుబడియే రంగముపై వినబడినది. ఈ తీరముననే సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథలో రైతుకూలీల బాధలను జొప్పించెను; 1969లో నాతడు హతుడయ్యెను. ఆతని మార్గముతో నేకీభవింపనివారును, పాతవాద్యము క్రొత్తమాట పలుకగలదని యొప్పుకొనకతప్పదు.

పలాసలో జీడిపిక్కలు ఒలుచు స్త్రీల వ్రేళ్లు జీడికి నల్లబడును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చినది. అట్టి యింటి యిల్లాలొకతె మృదంగము నెదుట నిలిచి మగనితోనో దైవముతోనో వాదులాడు కలాపమును, ఆమె వేషమును స్త్రీయే కట్టగా, మొదటి వరుసలో గూర్చుండి చూడవలెనని మాకున్నది.